వీసమెత్తు

ఇండెంటు మీద సంతకం నాదే.
ఆరంగుళాల ఫ్లాంజి, ఎనిమిది బొక్కలు, ఉక్కు, ఒకటి.
ముఖం ఎలా ఉండాలో రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.
నాకూ తోచలేదు.

మే నెల. బెజవాడలో రాత్రి పదకొండైనా
పంపుహౌసు రేకు చెయ్యి పెట్టనివ్వదు.
కొండ మీదికి నీళ్లెక్కించే లైను అది.
పైన మూడో మలుపులో నూకరత్నం
గంటకోసారి ఫోను చేస్తోంది:
"బిందెలు వరసలో పెట్టి కూర్చున్నాం మేడమ్,
వరసే కదలట్లేదు."

పాత వాల్వు బీడుది.
మా గుంటూరు వైపు బీడంటే దున్నని చేను.
ఇక్కడ బీడంటే పోతపోసిన ఇనుము.
రెండూ మొండివే.
దాని ముఖం చదును, రొట్టెల పీటలాగా.
కొత్త గొట్టం ఉక్కుది.
దాని ముఖం మధ్యలో ఉబ్బెత్తు,
అంగుళంలో పదహారో వంతు.
పాత లెక్కల్లో దాన్ని వీసం అంటారు.
వీసమెత్తు తేడాకి ఏమవుతుందిలే అనుకున్నాం,
మాటవరసకి కాదు,
కొలిచి మరీ అనుకున్నాం.

యేసుబాబు కుర్రాడు, కండ ఉంది.
స్పానర్‌కి పైపుముక్క తొడిగి
వేలాడినంత పని చేశాడు.
నీళ్లు చెమర్చిన చోటల్లా
ఇంకో చుట్టు, ఇంకో చుట్టు.
ఐదో బోల్టు దగ్గర
ఠప్పుమంది.
పెద్ద చప్పుడేం కాదు,
ఎండిన కొబ్బరిచిప్ప విరిగినంత.
బీడు చెవి ఒకటి ఊడి
వాడి చెప్పు పక్కన పడింది.

నాగుల్ మీరా అప్పుడొచ్చాడు
ఇంటి లుంగీలోనే, నిద్రకళ్లతో.
ఎవర్నీ తిట్టలేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.
ముక్క తీసి లైటు కింద తిప్పాడు.
లోపల బూడిదరంగు, గరుకు, తడి పంచదారలాగా.
"ఉక్కు వంగి ఊరుకుంటుంది.
బీడుకి వంగడం రాదమ్మా.
మధ్యలో ఆనించి అంచులు పట్టి లాగితే
ఏం చేస్తుంది పాపం, పగుల్తుంది."

వియ్యం కుదర్లేదన్నమాట, అని
యేసుబాబు నవ్వబోతే
"పెళ్లిళ్ల కబుర్లు ఇక్కడొద్దు.
ఇది నీళ్ల పని."

స్టోర్లో అలాంటి వాల్వు
ఇంకొకటే మిగిలింది.

ఆటోనగర్లో ఆ వేళప్పుడు తెరిచున్నది
బుల్లబ్బాయి లేతు ఒక్కటే.
మూరెడు గొట్టంముక్కని
ఆటోలో కాళ్ల మధ్య నిలబెట్టుకుని వెళ్లాను.
లేతు తిరిగింది. ఆ ఉబ్బెత్తు
ఉంగరాలు ఉంగరాలుగా లేచి
నీలంగా కమిలి కింద పడింది.
ఒకటి ఏరి రుమాల్లో చుట్టుకున్నాను, ఎందుకో.
బుల్లబ్బాయి డబ్బు తీసుకోలేదు.
"మాదీ కొండేనండి."

తిరిగొచ్చేసరికి మీరా
రబ్బరు షీటు మీద సుద్దతో వాల్వు ముఖం గీసి
కత్తిరించి, ఎనిమిది బొక్కలూ కొట్టి ఉంచాడు.
ఇందాకటి ఉంగరంలాంటి గాస్కెట్ కాదిది.
అంచు నుంచి అంచుదాకా,
బోల్టుల్ని కూడా తనలో కలుపుకునేది.

నన్నే బిగించమన్నాడు.
ఒకటి. దాని ఎదురుది.
పక్కకి జరిగి ఇంకొకటి. దాని ఎదురుది.
ఏదీ పూర్తిగా కాదు.
మూడు విడతల్లో, కొంచెం కొంచెం,
మణికట్టుకి ఏదో తెలిసేదాకా.
"ఇక్కడ ఆగు."
ఇంకా తిరుగుతోంది కదా అన్నాను.
"తిరుగుద్ది. అందుకే ఆగు."

రెండుంపావుకి పంపు ఎత్తుకుంది.
నాలుగో బోల్టు కింద
ఒక్క చుక్క ఊరి వేలాడింది.
మీరా స్పానర్ నా చేతిలోంచి తీసుకున్నాడు,
బిగించడానికి కాదు,
నేను బిగించకుండా.
చుక్క పడలేదు. ఆరనూ లేదు.
పైనుంచి ఫోను.
నూకరత్నం ఏమీ మాట్లాడలేదు.
ఖాళీ బిందె అడుగున నీళ్లు పడే మోత
కాసేపు వినిపించి పెట్టేసింది.

తెల్లారి కొత్త ఇండెంటు రాశాను.
గడి లేదు కాబట్టి మార్జిన్లో
ముఖం: చదును
అని రాసి గీత గీశాను.
ఆఫీసులో అడిగారు,
ఇంత చిన్న విషయానికా అని.
రుమాలు విప్పి నీలం చుట్ట బల్ల మీద పెట్టాను.
ఒకాయన పట్టుకోబోయాడు.
కోసుకుంటుంది, జాగ్రత్త, అన్నాను.